ప్రశ్నపత్రంలో మన పల్లెలు

దంత వైద్యంలో పీజీ సీటు కోసం విద్యార్థులు బట్టీ పట్టే అంకెలూ పేర్లూ సీమ దేశాలవే అనుకుంటాం. వాటిలో కొన్ని నెల్లూరు బావుల్లో, సిక్కోలు చుట్టలో, దక్కను జొన్న గటకలో దొరికినవే. మానుకోట (మహబూబాబాద్) జిల్లా గూడూరు లాంటి మండలంలో ఇంట్లో కూర్చొని నీట్ ఎండీఎస్‌కు చదువుకునే వాళ్లకు ఈ సంగతి బాగా పనికొస్తుంది.

‘కారం ముడితే నోరు మండుతాంది సారూ. ఇదివరకటి లెక్క తెరుస్తందుకు వస్తలేదు.’ మానుకోట జిల్లాలో మిర్చి కల్లాల్లో పనిచేసే కూలీ దవాఖానకొచ్చి ఇలా చెప్పుకుంటే, పక్కనున్నవాళ్లు ‘కారం తగ్గించుకో’ అని ఓ సలహా పారేస్తారు. పరీక్షలో ఇదే సంగతి వేరే వేషంలో వస్తుంది. ‘గుట్కా నమిలే 28 ఏళ్ల వ్యక్తి. ఘాటైన తిండి తింటే మంట. నోరు తెరుచుకోవడం తగ్గింది. బుగ్గ లోపల పాలిపోయిన పట్టీలు. జబ్బు ఏది?’ నాలుగు ఆప్షన్లు ఉంటాయి. ఆలోచించుకోవడానికి సగటున 45 సెకన్లు.

నీట్ ఎండీఎస్ లెక్క అది. మూడు గంటల్లో 240 ప్రశ్నలు. ఒప్పయితే 4 మార్కులు, తప్పయితే ఒకటి కోత, మొత్తం 960. మొదటి భాగంలోని 100 ప్రశ్నలు అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీ, పాథాలజీ, మైక్రోబయాలజీ లాంటి మూల శాస్త్రాల నుంచి వస్తాయి. రెండో భాగంలోని 140 ప్రశ్నలు నేరుగా దంత వైద్యానివి. జనరల్ అభ్యర్థులు 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులు 40వ పర్సంటైల్ దాటాలి. తెలంగాణలో రాష్ట్ర కోటా సీట్ల కౌన్సెలింగ్ మనకు దగ్గర్లోని వరంగల్లులో ఉన్న కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమే నడుపుతుంది.

పరీక్ష దగ్గర పడేకొద్దీ విద్యార్థి గదిలో గోడల నిండా చీటీలు వెలుస్తాయి. సంవత్సరాలు, మోతాదులు, శాస్త్రవేత్తల పేర్లు. రాత్రి చదివినవి తెల్లారేసరికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వాటికి ఒక ఊరు, ఒక మనిషి, ఒక కారణం తోడైతే అంత తేలిగ్గా చెదిరిపోవు. అదృష్టవశాత్తూ మన తెలుగు నేల మీద అలాంటి కథలకు కొదవ లేదు.

కోడలి పళ్లు తెల్లన, నడుము బిగువు

ఫ్లోరోసిస్ మీద ప్రశ్న లేని ప్రశ్నపత్రం అరుదు. అందరికీ వచ్చిన కథ అమెరికాది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే యువ డెంటిస్టు గోధుమరంగు మచ్చల పళ్లను గమనించాడు. కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని 1931లో చర్చిల్ తేల్చాడు. ఆ మచ్చలను కొలవడానికి ట్రెండ్లీ డీన్ 1934లో ఒక సూచీ తయారుచేసి, 1942లో సవరించాడు.

సరిగ్గా ఆ కాలంలోనే మన దగ్గరా జబ్బు బయటపడుతోంది. నాటి హైదరాబాద్ రాష్ట్రంలో కొన్నిచోట్ల పశువుల్లో ఇలాంటి జబ్బు ఉందని 1934లో మహాజన్ రాశారు. 1937లో షార్ట్ బృందం నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల ఎముకలు, కీళ్లు ఎలా బిగుసుకుపోతున్నాయో వివరంగా వర్ణించింది. కాబట్టి దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను మొదట ఎక్కడ వర్ణించారంటే జవాబు నెల్లూరు. పేరు మోగిపోయింది గనక చెయ్యి నల్లగొండ వైపు లాగుతుంది, జాగ్రత్త.

నల్లగొండకు దక్కిన చోటు వేరే. పటికతో ఫ్లోరైడ్ తీసే ‘నల్లగొండ పద్ధతి’ని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970ల నడుమ రూపొందించింది. బకెట్టు నీళ్లలో ముందు కొంచెం సున్నం, బ్లీచింగ్ పౌడరు వేస్తారు. తర్వాత పటిక కలిపి మొదట జోరుగా, పిదప మెల్లగా తిప్పుతారు. తెల్లటి తెట్టెలు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతాయి. గంట సేపు కదపకుండా ఉంచి పైనీళ్లు వంచుకోవాలి. సున్నం పాళ్లు పటికలో ఇరవయ్యో వంతు. వేగంగా కలపడం, తెట్టె కట్టించడం, తేర్చడం, వడకట్టడం అనే వరుసను పరీక్షలో తారుమారు చేసి అడుగుతారు. ఒక్కసారి ఇంట్లో బకెట్టులో పటిక తిప్పి చూసినవాళ్లు ఆ వరుస మరచిపోరు.

1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరో సంగతి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఫ్లోరైడ్ ప్రాంతంలోని యువకుల్లో మోకాళ్లు లోపలికి ఒరిగి ఒకదానికొకటి తగులుతున్నాయి. పుస్తకంలో దాని పేరు జెను వాల్గమ్.

ఇక అసలు చిక్కు ప్రశ్న. ఫ్లోరైడ్ ఊళ్లో పుట్టి పెరిగిన భర్తకు పళ్ల మీద మచ్చలున్నాయి, నడుమూ వంగదు. మంచినీళ్ల ఊరి నుంచి పెళ్లయి అదే ఇంటికొచ్చిన కోడలికి నడుము బిగుసుకుపోయింది గానీ పళ్లు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. ఎందుకు? పంటి పైపొర అయిన ఎనామెల్ తయారయ్యేటప్పుడే ఫ్లోరైడ్ దాన్ని పాడు చేయగలదు. జ్ఞానదంతాలు పక్కనపెడితే ఆ పని ఎనిమిదేళ్ల లోపే ముగుస్తుంది. ఎముక జీవితాంతం మారుతూనే ఉంటుంది గనక ఏ వయసులోనైనా ఫ్లోరైడ్‌ను దాచుకుంటుంది. ఈ ఒక్క ఇంటి కథ తెలిస్తే దంత ఫ్లోరోసిస్, ఎముకల ఫ్లోరోసిస్ మధ్య తేడా మీద ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా జవాబు దొరుకుతుంది.

డీన్ సూచీలో గుర్తుంచుకోవాల్సిన మెలిక ఇది: ఎక్కువ పాడైన రెండు పళ్లను చూసి అంకె వేయాలి, ఆ రెండూ సమానంగా లేకపోతే తక్కువ పాడైన దాని అంకే తీసుకోవాలి. మచ్చ పంటి మీద నాలుగో వంతు లోపయితే ‘వెరీ మైల్డ్’, సగం లోపయితే ‘మైల్డ్’, అన్ని వైపులా పాకితే ‘మోడరేట్’, గుంటలు పడితే ‘సివియర్’. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చనీ, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతాయి. ఎండ ముదిరే చోట మనిషి ఎక్కువ నీళ్లు తాగుతాడు గనక అక్కడ ఫ్లోరైడ్ ఇంకా తక్కువ ఉండాలన్నది గాలగన్, వర్మిలియన్ సూత్రం సారం. మే నెల మానుకోటలో ఉన్నవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

నిప్పు లోపల, బూడిద లోపల

శ్రీకాకుళం, విశాఖ తీర పల్లెల్లో చుట్టను మండే కొస నోట్లో పెట్టి పీల్చే అలవాటు ఉంది. వాళ్ల మాటల్లో అది అడ్డపొగ. ఆడవాళ్లలో ఎక్కువ. గాలికి ఆరదు, ఎక్కువసేపు వస్తుంది, చేతులు పనిలో ఉన్నా సాగుతుంది. నోటి జబ్బుల నిపుణుడు పిండ్‌బోర్గ్ బృందం అక్కడి 10,169 మంది అంగుళ్లను పరీక్షించి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఫలితాలు ప్రచురించింది. మిగతా ప్రపంచంలో గట్టి అంగుడికి క్యాన్సర్ రావడం అరుదు. ఇక్కడ అరుదు కాకపోవడానికి కారణం ఆ నిప్పే.

పరీక్షలో మెలిక ఎక్కడంటే, మామూలుగా పొగ తాగేవాళ్ల అంగుడు తెల్లబారి, మధ్యలో ఎర్రటి చుక్కలు తేలడాన్ని నికోటినిక్ స్టొమటైటిస్ అంటారు. అది క్యాన్సర్‌కు ముందు దశ కాదు, అలవాటు మానేస్తే సర్దుకుంటుంది. అడ్డపొగ తాగేవాళ్ల అంగుడి మీద వచ్చేవి మాత్రం క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉన్నవే. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం నిర్వహించిన కార్యశాల ఇలాంటి జబ్బుల జాబితాలో వాటిని ప్రత్యేకంగా చేర్చింది. చూడటానికి రెండూ ఒకేలా కనిపించొచ్చు. ‘ఎటు కొస నోట్లో పెట్టుకుంటావు?’ అన్న ఒక్క ప్రశ్నే రెంటినీ వేరు చేస్తుంది.

కోస్తాలో చుట్ట ఎంతో, ఇటువైపు గుట్కా, వక్కపొడి అంత. మిర్చి కూలీకి నోట్లో మంట తెచ్చింది ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. 1952లో ష్వార్ట్జ్ తూర్పు ఆఫ్రికాలోని ఐదుగురు భారతీయ స్త్రీలలో దీన్ని వర్ణించాడు. మరుసటి ఏడాది జోషి మన దేశంలో వర్ణించారు. తప్పు పొగాకుదే అని చాలామంది అనుకుంటారు గానీ దీని మూలం వక్క. వక్కలోని అరెకోలిన్ నార కణాలను రెచ్చగొట్టి కొల్లాజెన్‌ను ఎక్కువ తయారు చేయిస్తుంది, ఉన్నదాన్ని కరగనివ్వదు. వక్కలో ఉండే రాగి లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును ఉసిగొల్పి ఆ నారలను ఒకదానికొకటి బిగిస్తుంది. పొగాకు కలవని వట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చి చెప్పింది.

ఈ జబ్బును పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గ్లౌజు వేసుకొని చూపుడువేలు బుగ్గ లోపలి గోడ మీద ఆనించి పైనుంచి కిందికి రాయాలి. మెత్తగా జారాల్సిన చర్మం కింద నిలువుగా గట్టి తాళ్లు వేలికి తగులుతాయి. చర్మం చలువరాయిలా పాలిపోయి ఉంటుంది. రోగిని తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమనాలి. మామూలుగా మూడు పడతాయి. రెండే పడితే జబ్బు ముదిరినట్టే. ఇంకా ముందే పట్టుకోవాలంటే కారం మాట వినాలి. పట్టీలు కట్టకముందే మంట మొదలవుతుంది. మిర్చి పండే జిల్లాలో కారం తినలేకపోతున్నానని ఎవరైనా అంటే డాక్టరు చెవులు నిక్కబొడుచుకోవాలి.

జొన్న గటక, ఎర్ర నాలుక

విటమిన్ల ప్రశ్నల్లో నాలుక రంగుకు పెద్దపీట. బీ3 అంటే నియాసిన్ లోపిస్తే పెలాగ్రా. మెడ చుట్టూ హారంలా చర్మం నల్లబడుతుంది, విరేచనాలు పడతాయి, మతి చలిస్తుంది, నాలుక ఎర్రగా మండిపోతుంది. ప్రపంచంలో ఎక్కువగా మక్కలు తినేవాళ్లకు వచ్చిన జబ్బు ఇది. మక్కల్లోని నియాసిన్ ఒంటికి పట్టదు, దాన్ని తయారు చేసుకోవడానికి కావాల్సిన ట్రిప్టోఫాన్ అందులో తక్కువ. మరి దక్కను పీఠభూమిలో జొన్నలు తినేవాళ్లకు ఎందుకు వస్తోంది? హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్‌లో ఒక కారణం చూపారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువై నియాసిన్ తయారీకి అడ్డుపడుతోందన్నారు. ఆ వాదన మీద తర్వాత చర్చ నడిచినా, ‘జొన్న, లూసిన్, పెలాగ్రా’ అనే జత పుస్తకాల్లో స్థిరపడింది. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒక మిల్లీగ్రాము నియాసిన్ వస్తుందన్న లెక్క కూడా ఇక్కడే కలిపి గుర్తుంచుకోవాలి. బీ2 లోపిస్తే నాలుక ముదురు గులాబీ రంగుకు తిరిగి, పెదవుల మూలలు పగులుతాయి. సీ లోపిస్తే చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారుతుంది.

నిజాం డబ్బుతో మత్తు పరీక్ష

మత్తు మందు చరిత్ర డెంటిస్టుల చరిత్రే. 1844లో నైట్రస్ ఆక్సైడ్‌ను వాడిన హొరేస్ వెల్స్, 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్‌ను బహిరంగంగా చూపిన మోర్టన్ ఇద్దరూ పళ్లు పీకే వృత్తిలోనివాళ్లే. క్లోరోఫాం విషయానికొస్తే పెద్ద పంచాయితీ హైదరాబాద్‌లో జరిగింది. క్లోరోఫాం ప్రాణం తీస్తే ముందు ఆగేది ఊపిరా, గుండెనా? హైదరాబాద్ వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఊపిరే అన్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా 1888లో, 1889లో రెండు కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ చదువుకున్నది ఆ వైద్య పాఠశాలలోనే.

కమిషన్ లారీ మాటకే ఓటేసింది. కానీ చివరికి గుండే గెలిచింది. క్లోరోఫాం పలుచగా ఎక్కిన సమయంలో ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోతుందని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. హాలోథేన్ ఇచ్చిన రోగికి అడ్రినలిన్ విషయంలో ఎందుకు జాగ్రత్త పడాలన్న నేటి ప్రశ్నకు మూలం ఇదే. గుండె జబ్బున్న రోగికి పంటి సూదిలో అడ్రినలిన్ 0.04 మిల్లీగ్రాములు మించకూడదన్న నియమమూ ఆ భయం నుంచి పుట్టిందే. లక్షకు ఒక పాలు కలిపిన మందయితే 4 మిల్లీలీటర్లతో ఆ హద్దు వచ్చేస్తుంది.

భీమవరం మనిషి, పసుపు పళ్లు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు బయోకెమిస్ట్రీలో ఫిస్క్‌తో కలిసి వస్తుంది. 1925లో వాళ్లు చెప్పిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇప్పటికీ పాఠమే. ఫార్మకాలజీలో ఆయన పేరు కనిపించదు గానీ ఆయన చెయ్యి అడుగడుగునా ఉంది. అమెరికాలోని లెడర్లే సంస్థలో ఆయన పరిశోధన విభాగాన్ని నడిపిన రోజుల్లోనే ఫోలిక్ ఆమ్లం తయారీ, దాన్ని అడ్డుకునే క్యాన్సర్ మందులు, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ వచ్చాయి. డగ్గర్ కనిపెట్టిన తొలి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడే.

ఆ టెట్రాసైక్లిన్‌కు కాల్షియంతో జట్టుకట్టే గుణం ఉంది. గర్భిణి నాలుగో నెల దాటాక గానీ, ఎనిమిదేళ్ల లోపు పిల్లలు గానీ వాడితే తయారవుతున్న పంట్లోకి చేరి పసుపు చారలు వేస్తుంది. వెలుతురు తగిలేకొద్దీ అవి గోధుమరంగుకు తిరుగుతాయి. అతినీలలోహిత కాంతిలో మెరుస్తాయి. ఫ్లోరోసిస్ మచ్చలు అలా మెరవవు. రెంటినీ పక్కపక్కన పెట్టి అడిగినప్పుడు తేల్చేది ఆ మెరుపే.

చివరి వారంలో ఒకసారి

• ఎనామెల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. పీహెచ్ 5.5కు దిగితే అది కరగడం మొదలవుతుంది.

• మొదటి శాశ్వత దవడ పన్ను ఆరేళ్లకు వస్తుంది. పాలపన్ను ఏదీ ఊడకుండానే వెనకాల మొలుస్తుంది గనక తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. గట్టిపడటం పుట్టుక సమయానికే మొదలవుతుంది.

• పుచ్చుకు కారణమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను 1924లో వేరుచేసింది క్లార్క్.

• 2 శాతం లిగ్నోకెయిన్ అంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు, 1.8 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో 36. అడ్రినలిన్‌తో కలిపి కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు, మొత్తం 500 దాటొద్దు.

• గుండె కవాటాల ఇన్ఫెక్షన్ ముప్పున్నవాళ్లకు పంటి పనికి 30 నుంచి 60 నిమిషాల ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు. పెన్సిలిన్ పడనివాళ్లకు పాత పుస్తకాలు క్లిండామైసిన్ అంటాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో దాన్ని తీసేసింది.

• వాడిన సూది గుచ్చుకుంటే ముప్పు: రక్షణ లేనివాళ్లకు హెపటైటిస్ బీ 30 శాతం వరకు, సీ సుమారు 3, హెచ్ఐవీ 0.3. హెచ్ఐవీకి ముందు జాగ్రత్త మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.

• దెబ్బ తగిలి శాశ్వత పన్ను ఊడితే తలవైపు పట్టుకోవాలి, వేరు రుద్దొద్దు. వెంటనే మళ్లీ గుంటలో పెట్టడం మేలు. కుదరకపోతే డాక్టరు దగ్గరికి చేరేదాకా పన్నును ఉంచడానికి పల్లెలో దొరికే మంచి సాధనం పాలు.

• సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది 1897 ఆగస్టు 20న. మనిషికి అంటించే దశ స్పోరోజొయిట్. అంటించేది ఆడ అనాఫిలిస్.

ర్యాంకు వచ్చాక

ఎండీఎస్‌లో తొమ్మిది శాఖలున్నాయి. కౌన్సెలింగ్‌లో ర్యాంకర్ల చూపు ముందు ఆర్థోడాంటిక్స్, ఎండోడాంటిక్స్, ఓరల్ సర్జరీల మీద పడుతుంది. బతుకుదెరువు సంగతి కాబట్టి తప్పుపట్టలేం. పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ చాలామందికి చివరి ఎంపిక. అయితే పైన చెప్పుకున్న కథల్లో ముఖ్యమైనవి ఎలా పుట్టాయో చూడండి. క్లినిక్ తలుపు తెరిచి కూర్చుంటే అడ్డపొగ బయటపడలేదు. ఎవరో ఊరూరా తిరిగి పదివేల నోళ్లు తెరిపించి చూస్తే బయటపడింది. నెల్లూరు ఫ్లోరోసిస్ అంతే, దక్కను పెలాగ్రా అంతే. పుస్తకానికి పాఠాలిచ్చింది పల్లె, ఆ పల్లెకు నడిచి వెళ్లే పని నేర్పేది ఆ శాఖ.

మానుకోటకు 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది.  గూడూరు మండలంలోని తండాల్లో, కోయగూడేల్లో ఎంతమంది బడిపిల్లల ఆరేళ్ల పన్ను పుచ్చిపోయిందో, ఎంతమంది కూలీల నోట్లో మూడు వేళ్లు పట్టడం లేదో వరుసగా లెక్కగట్టే పని ఒక ఎండీఎస్ విద్యార్థి థీసిస్‌కు నిండుగా సరిపోతుంది. లంబాడీ, కోయ మాటలు వచ్చిన ఈ మండలం బిడ్డకే సీటొస్తే ఆ లెక్క ఇంకా సూటిగా తేలుతుంది.